వెలుగని దీపము, పలికిన మీటరు

గచ్చిబౌలిలోని మా అపార్టుమెంటు తొమ్మిదవ అంతస్తున, రాత్రి భోజనములు ముగిసి కంచములు తీసిన బల్లమీదనే, ఏడవ తరగతి చదువుచున్న మా మనుమరాలు చిల్లులు చిల్లులుగా ఉన్న ఒక తెల్లని పలకకు తీగలు గ్రుచ్చి, మిరియపుగింజంత ఎఱ్ఱని దీపము నొకదానిని దానిపై నిలిపి, తండ్రి ల్యాప్‌టాపునుండి ఆర్డువినో అను నీలిరంగు బోర్డునకు ప్రోగ్రామును పంపించి, ఊపిరి బిగబట్టి చూచుచుండెను. సెకనుపాటు వెలిగి సెకనుపాటు ఆరవలసిన ఆ దీపము వెలుగలేదు.

“నాన్నా, కోడ్‌లో ఏదో తప్పుంది, ఒకసారి చూడవా” అని ఆమె పిలిచినది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో పదునాలుగేండ్లుగా సాఫ్ట్‌వేరు వ్రాయుచున్న మా అబ్బాయి వచ్చి, పది పంక్తులు దాటని ఆ ప్రోగ్రామును మూడుమారులు చదివి, “తప్పేమీ లేదే తల్లీ” అని నిలుచుండిపోయెను. ఆ ఇరువురి చూపును తెరమీదనే ఉండుటచేత బల్లమీద జరుగుచున్నది వారికి కనబడలేదు. ఆర్డువినో బోర్డుపై పదమూడవ పిన్నుతో కలిపి, తయారు చేసినవారే అమర్చిన సూక్ష్మమైన దీపమొకటి ఉండును. అది సెకనున కొకమారు మిణుకుమిణుకు మనుచునే ఉన్నది. ప్రోగ్రాము నడచుచున్నదనుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు. కావున దోషము తీగలలో ఎక్కడనో ఉండవలెను.

అలమారలోని మల్టీమీటరును తీసి, దాని మరను కూత గుర్తువద్దకు త్రిప్పి ఆమె చేతికిచ్చితిని. మీటరునకుండు రెండు పుల్లల కొనలను ఒకదానికొకటి తాకించినచో అది బీప్‌మని కూయును. ఆ రెంటినడుమ విద్యుత్తు నడచుటకు త్రోవ ఉన్నదని దాని భావము. తెల్లని పలక అంచువెంబడి నీలిగీత ప్రక్కన చిల్లుల వరుస యొకటి ఈ కొసనుండి ఆ కొసవఱకు పోవును. ఆ వరుస అంతయు లోపల ఒకే లోహపు పట్టీ అని తలచి, ఆమె ఆర్డువినో గ్రౌండు తీగను ఎడమ కొసను, దీపపు పొట్టికాలిని కుడి కొసను గ్రుచ్చియుండెను. ఎడమ సగములో ఎక్కడ తాకించినను మీటరు పలికినది. కుడి సగములోను పలికినది. ఒక పుల్లను ఎడమను, ఒకదానిని కుడిని ఉంచినప్పుడు మాత్రము మౌనము వహించినది. పెద్ద పలకలు కొన్నింటిలో ఈ అంచు వరుస సరిగా నడుమ తెగియుండును. అచ్చు వేసిన నీలిగీత కూడ అచ్చటనే వ్రేలిగోరంత ఖాళీ విడిచి మరల మొదలగును. ఆ ఖాళీకి ఇరువైపులను కలుపునట్లు చిన్న తీగముక్కను వంతెనగా గ్రుచ్చగానే దీపము వెలిగినది. “నాన్నా! కోడ్ కాదు, పలకే!” అని ఆ పిల్ల వేసిన కేక ప్రక్క ఫ్లాటువారికి కూడ వినబడియుండును.

నా మట్టుకు నాకు ఈ విద్య అంతయు ఆ వెదకులాటలోనే ఉన్నది. ఎలక్ట్రానిక్సును వ్యాసంగముగా చేపట్టదలచినవారు మొదట ఏ బోర్డు కొనవలెనని నన్ను అడుగుదురు; మొదట మల్టీమీటరు కొనవలెనని నేను చెప్పుదును. కొన్ని వందల రూపాయలకు దొరకు సామాన్యమైన మీటరు చాలును. కంటికి కనబడని వస్తువుతో పని చేయుచున్నవానికి అదియే కన్ను, అదియే చెవి. వోల్టేజి ఉన్నదా, త్రోవ ఉన్నదా, నిరోధము ఎంత అను మూడు ప్రశ్నలకు అది చెప్పు సమాధానములను క్రమముగా కూర్చుకొనుట వచ్చినవాడు, ఏ వలయము ఎదుట పెట్టినను దిగులు పడడు. అది రానివాడు పటములను చూచి తీగలు గ్రుచ్చును. వెలిగిన సంతోషించును, వెలుగకున్న మొత్తము పీకివేసి మరల మొదలిడును. ఈ విధముగా విసిగి, కొన్న సామగ్రిని అట్టపెట్టెలో పెట్టి అటకమీదికి చేర్చినవారిని పెక్కుమందిని ఎఱుగుదును. వారిలో తెలివి తక్కువవారు ఒక్కరును లేరు.

మొదటి వలయమునకు ఆర్డువినో కూడ అక్కఱలేదు. ఒక ఎల్.ఇ.డి. దీపము, ఒక రెసిస్టరు, ఐదు వోల్టుల నిచ్చు ఫోను ఛార్జరు తీగయో, మూడు నాలుగు పెన్సిలు బ్యాటరీలో ఉన్న చాలును. ఎఱ్ఱని ఎల్.ఇ.డి. తాను వెలుగుటకు సుమారు రెండు వోల్టులను తీసికొనును. ఐదింటిలో రెండు పోగా మిగిలిన మూడు వోల్టులు రెసిస్టరుమీద పడును. జర్మనీ దేశస్థుడైన ఓమ్ 1827లో ప్రకటించిన నియమము ననుసరించి మూడింటిని 220 ఓములచే భాగించినచో 13.6 మిల్లీఆంపియర్లు వచ్చును. మిరియపుగింజంత దీపమునకు అది సుఖమైన ప్రవాహము. రెసిస్టరు లేకుండ దీపమును నేరుగా తగిలించినయెడల ప్రవాహమునకు అదుపుండదు. క్షణకాలము కన్నులు మిరుమిట్లు గొలుపునట్లు వెలిగి, కమురు వాసనతో ఆరిపోవును. ఒకటి రెండు రూపాయల దీపము నొకదానిని పిల్లలచేత ఉద్దేశపూర్వకముగా అట్లు మాడ్పించుట మంచిదనియే నా అభిప్రాయము. ఓమ్ నియమమును పాఠ్యపుస్తకములో పదిమారులు వల్లించినప్పుడు కలుగని విశ్వాసము ఆ కమురు వాసనతో కలుగును.

రెసిస్టరు ఒంటిమీది రంగుల పట్టీలను చదువుట తరువాతి అక్షరాభ్యాసము. నలుపు సున్న, గోధుమ ఒకటి, ఎఱుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఇట్లు తెలుపు తొమ్మిదివఱకు పోవును. ఎఱుపు, ఎఱుపు, గోధుమ అని కనబడినచో రెండు, రెండు, తరువాత ఒక సున్న: 220. చివరి బంగారు పట్టీ, చెప్పిన విలువకు నూటికి ఐదువంతులు అటునిటు కావచ్చునని తెలుపును. ఇక బ్రెడ్‌బోర్డు అను ఆ చిల్లుల పలక పేరు వినోదకరమైనది. రేడియో క్రొత్తగా వచ్చిన దినములలో దానిపై మక్కువగల విదేశీయులు వంటింటిలో రొట్టె కోయు చెక్కపలకను తెచ్చుకొని, దానికి మేకులు కొట్టి, మేకులకు తీగలు చుట్టి రేడియోలు కట్టుకొనెడివారట. చెక్క పోయి ప్లాస్టిక్కు వచ్చినది, మేకు పోయి అంగుళములో పదవవంతు ఎడముతో చిల్లులు వచ్చినవి. రొట్టె మాత్రము పేరులో మిగిలిపోయినది.

ఆర్డువినో కూడ ఒక ఊరి కథయే. 2005 ప్రాంతమున ఇటలీదేశపు ఇవ్రియా పట్టణములో డిజైను విద్య చదువు విద్యార్థులకు, అనగా ఇంజనీరింగు తెలియనివారికి, అందుబాటు ధరలో ఒక బోర్డు కావలెనని మాసిమో బాంజీ మొదలగు అధ్యాపకులును మిత్రులును దానిని రూపొందించిరి. వారు సాయంకాలములందు చేరు పానశాలకు పదునొకండవ శతాబ్దమునాటి రాజు పేరు ఉండెను. ఆ పేరే బోర్డునకు వచ్చినది. దాని పటములను ఎవరైనను వాడుకొనవచ్చునని వారు లోకమునకు విడిచిపెట్టుటచేతనే నేడు మన ఊళ్లలో పలువురు తయారీదారుల బోర్డులు చౌకగా దొరకుచున్నవి. ఊనో అను రకములో ప్రోగ్రామునకున్న తావు 32 కిలోబైట్లు; మా అబ్బాయి ఫోనులోని ఒక ఛాయాచిత్రము కూడ అందులో పట్టదు. అయినను మొక్కకు నీరు పోయుటకు, తలుపు తెఱచిన గంట మ్రోగించుటకు అది ధారాళముగా చాలును. అంతర్జాలముతో ముడిపెట్టదలచిన ఇ.ఎస్.పి.32 అను బోర్డున్నది. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై యన్ననో బోర్డురూపమున ఉన్న పూర్తి కంప్యూటరే. కాని వీనివెంట తొందరపడి పోవలసిన పనిలేదు.

సామగ్రికొఱకు ఇంటికి తెప్పించుకొను మార్గములెన్ని ఉన్నను, ఒక్కమారైనను కోఠికి పోయి రావలెనని నేను పట్టుపట్టుదును. రాయదుర్గములో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగి కొంత దూరము నడచినచో గుజరాతీ గల్లీ వచ్చును. నిలువెత్తు గాజుగోడల నడుమనుండి బయలుదేరి గంటసేపటిలో ఆ ఇఱుకు సందులోనికి ప్రవేశించినవానికి, అరచేతియంత అరలు గోడనిండ పేర్చిన దుకాణములలో, ఒక్కొక్క అరలో ఒక్కొక్క విలువ రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, స్విచ్చులు, ట్రాన్స్‌ఫార్మర్లు కనబడును. “220 ఓమ్ పది” అని అడిగినచో, దుకాణదారుడు తల యెత్తకయే “క్వార్టర్ వాట్ హోనా, హాఫ్ వాట్?” అని హైదరాబాదీ ఉర్దూలో అడుగును. ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోవుట తప్పుకాదు. రెసిస్టరు మీద ఎంత వేడిమి పుట్టుననునది కూడ లెక్కింపవలసినదే అని ఆ ప్రశ్నయే నేర్పును. మా మనుమరాలు అచ్చటనే నిలువబడి, మూడు వోల్టులను 0.0136 ఆంపియరుతో గుణించి, వాటులో ఇరువదియైదవవంతు మాత్రమే కావున పావు వాటు చాలునని తేల్చి చెప్పినప్పుడు ఆ దుకాణదారుడు తల యెత్తి చూచెను.

తరువాతి మెట్టు టంకము. బ్రెడ్‌బోర్డుపై తీగలు నేడు నిలిచి రేపు వదులగును. నిలుకడగా ఉండవలసినదానికి సోల్డరింగు తప్పదు. ఈ పని నేను మొదటిసారి చేసినప్పుడు నా చిన్ననాటి కళాయివాడు జ్ఞప్తికి వచ్చెను. వేపచెట్టు క్రింద గుంత త్రవ్వి, తిత్తితో బొగ్గులు రాజేసి, ఇత్తడిగిన్నెను ఎఱ్ఱగా కాచి, అందులో నవాసాగరపు పొడి చల్లి, తెల్లని పొగ గుప్పున లేచుచుండగా తగరపు కడ్డీని తాకించి దూదితో ఒక్క త్రిప్పు త్రిప్పెడివాడు. గిన్నె వెండివలె తళతళలాడెడిది. ఆ పొడి లోహముమీది మురికిపొరను కరగించునని, పొర పోయిన శుభ్రమైన లోహమునకే తగరము అంటునని నాడు నాకు తెలియదు. నేడు సోల్డరు తీగ నడుమ గొట్టమువలె నింపిన రోజిన్, అనగా పైన్ చెట్టు బంకనుండి తీసిన ఫ్లక్సు, చేయుచున్నది సరిగా ఆ పనియే. అఱువదిపాళ్లు తగరము, నలువదిపాళ్లు సీసము కలిసిన తీగ సుమారు 185 డిగ్రీల వేడిమికి కరగును. ప్రారంభకునకు అది సులువైనది.

నేర్చుకొనువారు చేయు తప్పు ఒక్కటే. సోల్డరును కాలిన సోల్డరింగు ఇనుముమీద కరగించి, ఆ బొట్టును తెచ్చి అతుకుమీద పూయుదురు. అట్లు చేసినచో ఫ్లక్సు త్రోవలోనే పొగయై పోవును. బొట్టు ముత్యమువలె గుండ్రముగా కూర్చుండును గాని పట్టుకొనదు. ఇనుము మొనను భాగముయొక్క కాలికిని బోర్డుమీది రాగి వలయమునకును ఒకేసారి ఆనించి, ఒకటి, రెండు, మూడు అని లెక్కించి, సోల్డరు తీగను ఆ వేడెక్కిన అతుకునకే తాకింపవలెను. అప్పుడది తనంతట తాను నీరువలె ప్రాకి, కాలిచుట్టు కొండవాలువలె ఒదిగి, మెఱయును. తీగను ముందు తీసి, ఇనుమును తరువాత తీసి, రెండు క్షణములు కదల్పకుండ ఉంచవలెను. ఇరువది అతుకులు వేసిన తరువాత చేయి తానే గ్రహించును.

సీసము తాకిన చేతులను సబ్బుతో కడుగక ఏదియు తినరాదు. కిటికీ తెఱచి, పొగ ముఖమునకు తగులకుండ కూర్చుండవలెను. ఇంతకన్న ముఖ్యమైన మాట మఱియొకటి కలదు. గోడ ప్లగ్గులోని 230 వోల్టులతో మొదటి సంవత్సరమంతయు ఏ సంబంధమును పెట్టుకొనరాదు. పాడైన ఛార్జరును, పాత టీవీని, మైక్రోవేవును విప్పి చూడవలెనను కోరిక అందఱికిని కలుగును. ప్లగ్గు తీసివేసితిమి గదా అని ధైర్యముగా చేయి పెట్టువారు తెలిసికొనవలసినదేమనగా, ఛార్జర్ల వంటి వానిలోని పెద్ద కెపాసిటరు 230 వోల్టుల శిఖరవిలువయగు 325 వోల్టులవఱకు నిలువజేసికొని, ప్లగ్గు తీసిన తరువాత కూడ కొంతసేపు అట్లే కాచుకొని ఉండవచ్చును. మైక్రోవేవులోనిది వేలకొలది వోల్టులతో ప్రాణము తీయగలదు. పాత ఫోను బ్యాటరీలను గ్రుచ్చుట, వంచుట, రెండు కొనలను తాకించుట అగ్నిప్రమాదమునకు దారితీయును. విప్పి చూచుటకు పాత రిమోటులు, ఆటబొమ్మలు, ట్రాన్సిస్టరు రేడియోలు, పనిచేయని గడియారములు ఎన్నియో ఉన్నవి. బ్యాటరీతో నడచునవి చాలును.

ఇది మన ఊరికి పరాయి విద్య కాదు. 1930ల తొలినాళ్లలో హైదరాబాదు చిరాగ్ అలీ లేన్‌లో, మహబూబ్ అలీ అను తపాలా తంతిశాఖ ఉద్యోగి తన ఇంటినుండియే రేడియో ప్రసారము మొదలుపెట్టెను. ఒక గృహస్థు ఉత్సాహముతో నడపిన ఆ చిన్న కేంద్రమునే 1935లో నిజాం ప్రభుత్వము స్వీకరించెను. తరువాతి దక్కన్ రేడియోకు మూలమదియే. పశ్చిమగోదావరి మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డులోను చదివి, అణుశాస్త్రవేత్త భాభాగారి చెంత చేరి, 1956లో మొదలైన అప్సర అణురియాక్టరునకు కావలసిన నియంత్రణ పరికరములు దేశములోనే తయారగుటకు పాటుపడి, 1967లో హైదరాబాదులో ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు సంస్థయగు ఇ.సి.ఐ.ఎల్. స్థాపనకు మూలపురుషులైరి. పరికరములను కొనితెచ్చుకొనుట సులభము, కట్టుకొనుట ఆవశ్యకము అను పట్టుదల వారిది. నగరమునకు ఈశాన్యమున ఎ.ఎస్. రావునగర్ అని నిత్యము పలుకుచున్నవారిలో ఆ పేరుగల మనిషిని తలచుకొనువారు అరుదగుట నాకు కష్టము కలిగించును.

1983లో హైదరాబాదులోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలసినది. పరీక్ష వ్రాసి, ప్రభుత్వమునుండి లైసెన్సును, ఒక సంకేతనామమును పొంది, సొంత రేడియోపై దూరదేశములతో సంభాషించు హ్యాము రేడియో వ్యాసంగమును అది పెంపొందించినది. ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్‌గారు సహచరులతో కూడి 2004 డిసెంబరులో అండమాన్ దీవులలోని పోర్ట్‌బ్లెయిర్‌లో హ్యాము కేంద్రమును నడపుచుండగా, 26వ తేదీని సునామీ వచ్చినది. ఫోనులు మూగపోయిన ఆ ద్వీపములనుండి ఆత్మీయుల క్షేమవార్తలను బయటి ప్రపంచమునకు చేర్చినది వినోదముకొఱకు తీసికొనిపోయిన ఆ రేడియోలే. ఈ సంగతి తెలిసినప్పటినుండి వ్యాసంగమను మాటను తేలికగా పలుకుటకు నాకు నోరు రాదు.

ఇక మా ఇంటి చెంతనే రాయదుర్గమున 2023 మార్చి 2న తెలంగాణ ప్రభుత్వము టీ-వర్క్స్‌ను ప్రారంభించినది. 78,000 చదరపుటడుగుల ఆ శాలలో సర్క్యూట్ బోర్డులను తయారుచేయు యంత్రములు, లేజరుతో కోయు యంత్రములు, వస్తువును పొరలుపొరలుగా పోసి నిలబెట్టు త్రీడీ ప్రింటర్లు, లోహపు పనికి, కొయ్య పనికి, కుమ్మరి పనికి వేర్వేరు విభాగములు ఉన్నవి. ఈ భవనము లేవకముందే, 2020లో, కోవిడ్ దినములలో, ఆ బృందము ఇతర సంస్థలతో కలిసి వెంటిలేటరు నమూనాను నిర్మించినది. ఐనను క్రొత్తవాడు తొలిదినముననే అచ్చటికి పరుగెత్తవలెనని నేననను. తన బల్లమీద ఒక వస్తువు పనిచేసి, దానికి గట్టి పెట్టె కావలెననియో, తీగల చిక్కునకు బదులు చక్కని బోర్డు కావలెననియో తోచిన దినమున ఆ ద్వారము విలువ తెలియును. గచ్చిబౌలి అను పేరులో గచ్చు ఉన్నది, బావి ఉన్నది. సున్నమును నూరి, గచ్చు చేసి, బావికి పూసిన చేతులను ఈ నేల ఎఱుగునని నేను ఊహించుకొనుచుందును.

మా మనుమరాలు టంకము వేసి నిలబెట్టిన మొదటి వస్తువు నీటి ట్యాంకు గంట. గోపనపల్లెలోని మా చెల్లెలి ఇంట మోటారు వేసి మఱచి, మేడమీదినుండి నీరు వీధిలోనికి పొర్లుట వాడుక. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక బజరు, బి.సి.547 అను ట్రాన్సిస్టరు, ఒక వేయి ఓముల రెసిస్టరు. వీనినుండి రెండు రాగితీగలు ట్యాంకు పైయంచునకు పోయినవి. నీరు ఆ రెండు కొనలను తాకగానే నీటిగుండ అతిస్వల్పమైన ప్రవాహము ట్రాన్సిస్టరునకు చేరును. అది దానిని నూరింతలకు మించి పెంచి బజరును కూయించును. మొదటిదినము గంట మ్రోగినప్పుడు పనిమనిషి మేడమెట్ల క్రిందినుండి “అమ్మా, నిండింది, మోటర్ బంద్ చేసిన” అని కేక వేసినదట.

రెండు నెలలకు మా చెల్లెలు ఫోను చేసినది. “అన్నయ్యా, మీ పిల్ల గంట మూగపోయింది, వీధంతా నీళ్లే.” ఆదివారమునాడు మేమిరువురమును పోయితిమి. నేను ఏదో చెప్పబోవునంతలోనే ఆ పిల్ల మీటరు తీసి, బ్యాటరీని కొలిచి, “తొమ్మిదుంది తాతయ్యా, అది కాదు” అనెను. బజరును నేరుగా బ్యాటరీకి తాకించినది, అది కూసినది. ట్రాన్సిస్టరువద్ద రెండు తీగలను గోటితో కలిపి పట్టుకొన్నది, మరల కూసినది. అప్పుడు నిచ్చెన ఎక్కి ట్యాంకు మూత తీసి, తీగల కొనలను వెలికి లాగినది. నిత్యము నీటిలో నాని, నానినంతసేపు విద్యుత్తు కూడ ప్రవహించుటచేత ఒక తీగకొన సగము తినివేయబడి సన్నగిల్లినది. రెంటిపైనను పచ్చని చిలుము దట్టముగా పేరుకొన్నది. చాకుతో చిలుమును గీకి పుల్లలు ఆనించి చూచి, అది బీప్‌మనగా విని, క్రిందికి దిగివచ్చి, “ఇంట్లో స్టీల్ స్క్రూలు ఏమైనా ఉంటాయా?” అని అడిగినది.

ఉన్నవి. రాగికొనలకు బదులు ఆ రెండు మరలు ఇప్పుడు గోపనపల్లె ట్యాంకులో ఉన్నవి.